నెత్తిమీది దీపం

కుండ నెత్తిమీద కుదురుకోగానే అనసూయకు తన కాళ్లు కనబడకుండా పోయాయి. మెడ వంచితే కనబడతాయి, మెడ వంచకూడదు. గది అద్దెకిచ్చిన కొమురమ్మ కుండ కింది చుట్టబట్టను ఒకసారి నొక్కి చూసింది, కుండ అంచు పట్టుకున్న అనసూయ వేళ్లను కొంచెం వెనక్కి జరిపింది, సూటిగా చూడమంది, గుడి వచ్చేదాకా దించేది లేదంది, నవ్వొచ్చినా తుమ్మొచ్చినా తల కదపొద్దంది. అన్నీ చెప్పాక, "ఫికర్ చెయ్యకు, నేను పక్కపొంటే ఉంట," అంది. అప్పుడు వాకిట్లో డప్పు లేచింది. ఆ దెబ్బ అనసూయకు కడుపులో తగిలి, అక్కడి నుంచి గొంతులోకి వచ్చి, నవ్వో ఏడుపో తెలియని చప్పుడై పళ్ల వెనక ఆగింది. కుండలో బెల్లం వేసి వండిన పాలన్నం, దాని వేడి చుట్టబట్టలోంచి నడినెత్తికి దిగుతోంది. కుండకు సున్నం బొట్లు, పసుపు, చుట్టూ వేపరెమ్మలు. కుండ మీద మూత, మూతలో నూనె, నూనెలో వత్తి. తన కళ్ల ముందే వెలిగించారు. ఇప్పుడది తలమీద ఉంది కాబట్టి వీధిలో అందరికీ కనబడుతుంది, తనకు తప్ప. ఈ సంగతి నిన్నటిదాకా తోచలేదు. ఈ దేశం వచ్చింది మొదలు తను చేసిన పనల్లా చూడటమే, ఈ ఒక్క గంట మాత్రం చూడాల్సింది చూసే వీలు లేదు.

డప్పు ముందు నడిచింది, వెనక వేపమండలు పట్టుకున్న ఆడవాళ్లు, వాళ్ల వెనక బోనాలు. అనసూయ ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. ఊగుతున్నది కుండ కాదు, కుండ కింద తను. నీళ్ల బిందెతో పొద్దున్నుంచీ వాకిట్లో నేర్చుకుంది, కొమురమ్మ అరుగు మీద కూర్చుని నడుము, నడుము అని అరిచింది, నడవాల్సింది నడుములోంచి, మెడలోంచి కాదు. కిటికీ పక్కగా పోతుంటే చువ్వల వెనక వసంత ముఖం కనిపించింది. చెయ్యి పొట్టమీద ఉంది. వసంత కొమురమ్మ కోడలు, ఏడో నెల. ఇంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు, ఈసారి దవాఖానలో డాక్టరమ్మ మంచం దిగొద్దని చెప్పింది. ఇది నిలిస్తే ఆషాఢంలో బోనం ఎత్తుతానని వసంత పోచమ్మకు మొక్కుకుంది. నిలిచింది. ఆషాఢం వచ్చింది. ఎత్తాల్సిన మనిషి మంచంమీద ఉంది. కొమురమ్మ ఎత్తుదామంటే, రోడ్డు అవతల అద్దాల మేడ కట్టినన్నాళ్లూ ఇసుక తట్టలు మోసి ఆమె మెడ నరం పట్టేసింది, చెయ్యెత్తి తల దువ్వుకోలేదు. మరి ఎవరెత్తాలి అన్న మాట అన్నాల దగ్గర వచ్చినప్పుడు అనసూయ కంచం ముందే ఉంది. "నేను మోసెదను," అంది. వసంత మొగుడు మధుకు నవ్వొచ్చి పొలమారింది. ఆమె తెలుగు అంతే, మోసెదను, తినుచున్నాను, వెళ్ళవలెను, మారిషస్‌లో బడి అయ్యాక అక్కడి తెలుగు సభ వాళ్ల గదిలో పంతులుగారు నేర్పిన తెలుగు. బస్సులో కండక్టర్‌తో మాదాపురమునకు ఒక టికెట్ ఇవ్వండి అంటే అతను ముందు టికెట్ ఇచ్చి తర్వాత చేతులెత్తి దండం పెట్టాడు. మధు నీళ్లు తాగి, ఇగ పోచమ్మకు కూడా వ్యాకరణం నేర్పిస్తది మన అనసూయ అన్నాడు. కొమురమ్మ మాత్రం నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి అనసూయ మెడ వెనక బొటనవేలితో నొక్కి చూసింది, కూరగాయలు బేరం చేసేటప్పుడు సొరకాయను నొక్కి చూసినట్టు. గట్టిగనే ఉన్నది అంది.

మెడ గట్టిదేనా? గల్లీ మలుపు తిరిగేసరికి నొప్పి మొదలైంది, భుజాల మధ్య, ఎవరో వేలు పెట్టి పొడుస్తున్నట్టు. పెడితే పెట్టనీ. ముందు పోయే ఆవిడ జడలోని బంతిపూలు, ఆవిడ కుండ మీద దీపం, దాని పొగ, కరెంటు తీగలు, తీగల మీద పోయినేటి గాలిపటం తోక, ఇవే తనకిప్పుడు లోకం. పాదాలకు మాత్రం తడి మట్టి తెలుస్తోంది, కంకర తెలుస్తోంది, పొద్దున కురిసిన వాన తెలుస్తోంది. పసుపు రాసిన కాళ్లు. ఈ కాళ్లతోనే యాదగిరిగుట్ట మెట్లెక్కింది, చిల్కూరులో ప్రదక్షిణలు చేసింది, భద్రాచలంలో గోదావరి ఇసుక తొక్కింది, సింహాచలంలో లైన్లో నిలబడింది. కంప్యూటర్ చదువు చదవడానికి వచ్చి సెలవు దొరికినప్పుడల్లా గుళ్లు తిరిగింది. హాస్టల్ వదిలేసి ఈ బస్తీలో కొమురమ్మ ఇంట్లో గది తీసుకున్నదీ అందుకే, హాస్టల్లో కూర్చుంటే ఊరు తెలియదని. ప్రతి గుడిలోనూ సంకల్పం చెప్పేటప్పుడు పూజారి గోత్రం అడుగుతాడు. ఆమెకు గోత్రం లేదు. ఉండే ఉంటుంది, ఎప్పుడో కోరంగి రేవులో ఓడెక్కిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది, చెరకు తోటల్లో పని చేసీ చేసీ మరిచిపోయారు, ఊరి పేరు కూడా మరిచిపోయారు. ఇంటి పేరేమో తోట గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు, అదే నిలిచింది. సింహాచలంలో ఆమె నోరు తెరిచి నిలబడిపోతే వెనకున్న పెద్దావిడ, పోనీ నాది చెప్పెయ్యండి పంతులుగారూ, ఈ పూటకి మా పిల్లే అనుకుందాం అంది. లైనంతా నవ్వింది. పూజారి కూడా నవ్వి ఆవిడ గోత్రమే చెప్పాడు. ఆ పూటంతా అనసూయ అరువు గోత్రంతో కొండ దిగి, బస్సెక్కి, కిటికీ దగ్గర కూర్చుని ఎందుకో చాలాసేపు సంతోషంగా ఉంది.

ప్రతి గుడిలోనూ ఫొటోలు తీసింది. గోపురాలు, కోనేట్లో తామరలు, కొబ్బరికాయలమ్మే వాళ్లు, తల నీలాలిచ్చి తడిగుండుతో నవ్వే పిల్లలు. కడిగించి, కవర్లో పెట్టి నాయనమ్మకు పంపింది. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే నాయనమ్మ అవన్నీ అందాయంది, ఒక్కొక్కటీ కళ్లకద్దుకున్నానంది, "ఇందులో నువ్వెక్కడే?" అంది. కెమెరా పట్టుకున్న మనిషి ఫొటోలో ఎలా ఉంటుంది నాయనమ్మా అని అనసూయ అనొచ్చు. అనలేదు. బూత్ గాజు తలుపు మీద మధ్యాహ్నపు ఎండ, లోపల ఉక్క, మీటర్ మీద ఎర్రంకెలు పరిగెత్తడం, నువ్వెక్కడే, నువ్వెక్కడే. ఈ రోజు కెమెరా గదిలో పెట్టెలో ఉంది. తాళం వేసి ఉంది. చూడు నాయనమ్మా, చేతులు ఖాళీ లేవు, కుండ పట్టుకున్నాను.

డప్పు దరువు మారింది. కాళ్లు వాటంతటవే మారాయి. ఎలా మారాయి? ఎవరు చెప్పారు? అక్కడ మారిషస్‌లో, రామభజనలో పెద్ద దీపం చుట్టూ తిరిగేవాళ్లు, మగవాళ్లు గజ్జెలు కట్టి, ఆడవాళ్లు చప్పట్లు కొట్టి, తెల్లారేదాకా. పాటలో ఒక్క మాటకూ అర్థం తెలియదు ఎవరికీ, తాతకు కూడా. అర్థం అడిగితే పాడు, తిరుగు, అంతే అనేవాడు. తను ఆ దీపాన్ని చూస్తూ చాపమీద నిద్రపోయేది. అమ్మోరి పండుగకు మాత్రం నాయనమ్మ నిద్రపోనిచ్చేది కాదు, వేపాకు తోరణం కట్టించేది. ఆ వేప వాసనే ఇది. అదే చేదు. సముద్రం అటూ ఇటూ ఒకటే వాసన. ఇక్కడ కొత్త అని ఎవరన్నారు తనను?

ఈరమ్మ అంది. ఈరమ్మ కొమురమ్మకు ఏరాలు, బావ పెండ్లాం, గుడికి ముందున్న ఆఖరి ఇల్లు ఆమెది. కంటి ఆపరేషనయ్యాక దళసరి అద్దాలు పెట్టుకుంది, ఆ అద్దాల్లోంచి చూస్తే చూసినట్టు ఉండదు, తూకం వేసినట్టు ఉంటుంది. సంగతి తెలిసి మొన్న వచ్చి వాకిట్లో నిలబడే మాట్లాడింది. "ఎత్తెటోళ్లు లేరంటే లేరని అమ్మకు చెప్పుకో. సముద్రం అవతలి పిల్ల, కిరాయికొచ్చిన పిల్ల, ఏ ఇంటిదో ఏ కులమో, గామెను అమ్మ ముంగట నిలవెడ్తవా? రేపు కడుపుకేమన్న అయితే ఎవల మీదికొస్తది?" కొమురమ్మ బియ్యం చెరుగుతోంది, చేట ఆపలేదు. "వేరే వండుకొని తింటలేదు, నా కుండల వండింది తింటున్నది. నా ఇంటిది గాకపోతే ఎవలింటిదక్కా?" ఈరమ్మ, నా గడప ముంగట్నుంచే పోవాలె గద, సూస్త అని వెళ్లిపోయింది. లోపల గదిలో అనసూయ పుస్తకం తెరిచి కూర్చుని ఒక్క అక్షరం చదవలేదు. కడుపుకేమన్న అయితే. ఆ మాట మంచం మీది వసంతకూ వినబడింది. వసంత గోడ వైపు తిరిగి పడుకుంది. రాత్రి కాస్త చెయ్యి చాపి అనసూయ చెయ్యి పట్టుకుని, నువ్వే ఎత్తాలె, ఇంకెవ్వలొద్దు అంది. ఎందుకని అడిగితే, నువ్వు ఎవలో సూడాలని ఎత్తవు, నా కోసం ఎత్తుతవు అంది. అందుకని దీపం గుడిదాకా పోవాలి. వేరే దారి లేదు. దీపం అంటే ఏదో ఒక దీపం కాదు. కొమురమ్మ మొగుడూ ఈరమ్మ మొగుడూ, ఆ అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పాత ఇంటి దేవుడి గూట్లోంచి దీపం ముట్టించి కొత్త ఇంటికి తెచ్చుకున్నారట, ఆనాటి నుంచి రెండిళ్లలోనూ ఆ నిప్పు ఆరనివ్వలేదట, బోనం మీది దీపం దాంతోనే ముట్టించాలట, అగ్గిపెట్టె గీయకూడదట. సాయంత్రం కొమురమ్మ గూట్లోంచి వత్తి తెచ్చి ముట్టించేటప్పుడు ఊపిరి బిగబట్టింది. మధు లేడప్పుడు, డ్యూటీ. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని అద్దాల మేడలో ఆదివారాలు కూడా పని చేస్తున్నారు, ఆ స్టాఫ్‌ను తెచ్చి దింపే సుమో మధుది.

మొదటి గడప వచ్చింది. బోనం తన గడప దాటుతుంటే ఇంటివాళ్లు మోసే మనిషి కాళ్లమీద నీళ్లు పోస్తారని కొమురమ్మ చెప్పింది. చెప్పింది కాని ఎవరు పోస్తారో చెప్పలేదు. అనసూయ ఏ చిన్నపిల్లో పోస్తుందనుకుంది. ముందావిడ ఆగింది, కదిలింది, తను ఆగింది. చెంబుతో వచ్చింది యాదమ్మ. బస్తీలో అందరికంటే పెద్దది, కర్ర లేకుండా గడప దాటదు, ఆమె మంచం దాకా పోయి బస్తీ కోడళ్లు పండుగలకు కాళ్లు మొక్కుతారు. ఆ యాదమ్మ కర్ర గోడకు ఆనించి, మోకాళ్లు పట్టుకుని, కిందికి, కిందికి, అనసూయ కాళ్ల దగ్గరికి వంగింది. చల్లటి నీళ్లు పాదాల మీద పడ్డాయి. ముడతల చెయ్యి మడమను తాకింది. అంతే. బడికి పోయేముందు రోజూ నాయనమ్మ కాళ్లకు వంగిన నడుము తనది, ఏ పెద్దావిడ చెయ్యీ ఎన్నడూ తగలని కాళ్లు తనవి. తను అనుకోలేదు, ఒళ్లు అనుకుంది. "వద్దు వద్దు, మీరు లేవవలెను," అంటూ ఆమె భుజం పట్టుకోబోయి వంగింది.

కుండ ముందుకు దొర్లింది. కొమురమ్మ చెయ్యి, ఎత్తలేని ఆ చెయ్యి, ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చి కుండను పట్టింది. నూనె చెవి మీద పడింది, మెడ మీదికి జారింది, చురుక్కుమంది. వేపరెమ్మ ఒకటి ముక్కును రాసుకుంటూ రాలిపోయింది. డప్పు ఆగలేదు, పక్కన ఆడవాళ్ల పాట మాత్రం ఒక్క గుక్క ఆగి మళ్లీ అందుకుంది. యాదమ్మ లేచి నిలబడి కుండ పైకి చూసింది. కొమురమ్మ కుండ సర్ది, "నడువు," అంది. దీపం ఉన్నదా అని అడిగింది అనసూయ. నడువు అంది కొమురమ్మ. ఉన్నదా పోయినదా? "ఎనక్కి జూడకు, నడువు."

నడిచింది. ఉందా? వేడి తెలుస్తోంది, కాని అది అన్నం వేడా దీపం వేడా? పొగ వాసన వస్తోంది, కాని ముందావిడ దీపానిదా తనదా? ఆరిన వత్తికీ పొగ ఉంటుంది కదా. ఎదురొచ్చేవాళ్ల ముఖాలు చూసింది. ఒకాయన సైకిల్ ఆపి దండం పెట్టాడు, ఎవరికి పెట్టాడు, వరసలో అందరికీ పెట్టాడు. ఒక పిల్ల వాళ్లమ్మ చీర లాగి తనవైపు వేలు చూపించింది. ఎందుకు చూపించింది? కడుపుకేమన్న అయితే. వసంత చెయ్యి, పొట్ట మీది చెయ్యి. పైకి చూడలేదు, కిందికి చూడలేదు, వెనక్కి చూడలేదు. అయినా డప్పు కొడుతూనే ఉంది, ఒళ్లు దానికి అడుగు వేస్తూనే ఉంది, భయం ఒకవైపు పోతోంది, కాళ్లు ఇంకోవైపు పోతున్నాయి, కాళ్లకు భయం లేదు. గల్లీ అయిపోయింది. పెద్ద రోడ్డు. గాలి. బండరాళ్లు కొట్టి వేసిన కొత్త రోడ్డు, దానికి అటువైపు గుండ్రటి అద్దాల మేడ, సాయంత్రపు ఎండ ఇంకా దాని పై అంతస్తుల్లోనే ఉంది. కొమురమ్మ మోసిన ఇసుక ఆ మేడలో ఏ అంతస్తులో ఉందో. కార్లు ఆగాయి, లారీ ఒకటి ఆగింది, ఊరేగింపు రోడ్డు దాటుతోంది. ఆగిన బండ్లలో తెల్ల సుమో. స్టీరింగ్ ముందు మధు. దిగలేడు, వెనక స్టాఫ్ ఉన్నారు, వాళ్లలో ఎవరో హారన్ కొట్టమన్నట్టు చెయ్యి ఊపారు, మధు కొట్టలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే జోడించాడు. తలెత్తి ఆమె కుండ మీదికి చూశాడు. చూసిన చూపు అక్కడే నిలిచిపోయింది. చేతులు విడిపోయాయి.

అప్పుడు ఆమె సుమో వెనక సీటు పక్కనున్న అద్దంలోకి చూసింది. నల్ల ఫిల్మ్ వేసిన అద్దం, అందులో ఊరేగింపు పోతోంది. బంతిపూల జడ, దానిమీద దీపం. తర్వాత ఒక కుండ, దాని పక్కన కొమురమ్మ పసుపు చీర. కుండ మీద వేప ఆకులు, మూత. మంట లేదు. దాని వెనక ఇంకో కుండ, దానిమీద దీపం. మధ్యలో ఒక్కటే నల్లగా ఉంది. అదే తను. ఫొటోలో లేవేమే అంది కదా నాయనమ్మ, ఇదిగో ఉన్నాను, చూడు. కాళ్లు ఆగబోయాయి. కొమురమ్మ మోచేతితో పొడిచింది.

"పోయిందని నాకు ఎరుకే," అంది కొమురమ్మ గొంతు తగ్గించి. "యాదమ్మ వాకిట్లనే పోయింది. అగ్గిపెట్టె గీసేటిది కాదు. ఇంటికి తిరిగిపోయేటిది కాదు, ఎత్తిన బోనం ఎనక్కి రావొద్దు. ఆ నిప్పు ఇంకొక్క ఇంట్లనే ఉన్నది. నడువు."

ఇంకొక్క ఇంట్లో. అనసూయకు అర్థమైంది, అర్థమవగానే భయం పోయి దాని చోట మరేదో వచ్చింది. పరుగెత్తాలనిపించింది. పరుగెత్తకూడదు. నడుములోంచి, నడుములోంచి. రోడ్డు దాటారు, రాళ్లగుట్ట పక్క బాట ఎక్కారు, గుడి మీది జెండా కనిపించింది, గుడికి ముందు ఒకటే ఇల్లు, ఆ ఇంటి అరుగు పక్కన బిందె పెట్టుకుని ఈరమ్మ. ముందు పోయే ప్రతి బోనానికీ నీళ్లు పోస్తోంది. బంతిపూలావిడకు పోసింది. అనసూయ వచ్చి ఆగింది. ఈరమ్మ చెంబు ముంచలేదు. అద్దాలు పైకెత్తి కుండ మీదికి చూసింది, తూకం వేసింది. వెనక వరస ఆగిపోయింది.

కొమురమ్మ అంది, "అక్కా, దీపం పోయింది. నిప్పు ఇయ్యి."

ఈరమ్మ చెంబు కింద పెట్టి లోపలికి పోయింది. తలుపు వాలింది. ఆ తలుపు మీద ముగ్గు చుక్కలు, గొళ్లెం, గొళ్లేనికి కట్టిన ఎర్రగుడ్డ, అనసూయ కళ్లు వాటినే పట్టుకున్నాయి. రాదేమో. రాకపోతే ఏం చెయ్యాలి, వసంతకు ఏం చెప్పాలి, నేను వంగితిని, అందుచేత ఆరినది, ఏ తెలుగులో చెప్పినా ఒకటే. భుజాల మధ్య వేలు ఇప్పుడు మేకులా దిగుతోంది. గుడి దగ్గర గంట మోగుతూనే ఉంది. అగ్గి లేని కుండకు కూడా ఇంత బరువుంటుందా?

తలుపు తెరుచుకుంది. ఈరమ్మ ఒక చేతిలో ప్రమిద, ఇంకో చెయ్యి దానికి గాలి తగలకుండా అడ్డం. గూట్లోది. అరుగెక్కింది, అరుగు మీంచి అనసూయ కుండ ఆమెకు ఛాతీ ఎత్తుకు వచ్చింది. "ఈసారి వంగినవంటే నేనూరుకోను," అంది. వత్తి చిటపటమంది. నడినెత్తి మీద ఇంకో వేడి మొదలైంది, అన్నం వేడి కాదిది, ఇది వేరు, ఎలా పొరబడిందో ఇందాక. ఈరమ్మ అరుగు దిగింది. చెంబు ముంచింది. మోకాళ్ల మీద కూలబడి, చీర కొంగు ఒళ్లో వేసుకుని, నీళ్లు పోసింది. పసుపు కరిగి పారింది. రెండు చేతులూ రెండు పాదాల మీద పెట్టింది. అనసూయ నడుము, మోకాళ్లు, భుజాలు, ఒంట్లో ఉన్న కీళ్లన్నీ కిందికి దిగాలన్నాయి. దిగలేదు. కుండ అంచు వేళ్లకు గుచ్చుకునేలా పట్టుకుని, జెండా వైపు చూస్తూ, నిలబడింది.

కింది నుంచి ఈరమ్మ గొంతు వచ్చింది. వాకిట్లో నిలబడి ఏ ఇంటిదో ఏ కులమో అన్న గొంతు కాదు.

"తల్లీ, మా వసంత కడుపు సల్లగ జూడు. నా నోరు మంచిది గాదు, మనసుల వెట్టుకోకు."

ఆమె అన్నది తనతో కాదు, అమ్మతో. తనతోనే. జవాబు చెప్పాల్సింది తను కాదని తెలిసింది. పుస్తకపు తెలుగూ రాలేదు, పుట్టిన దేశపు క్రియోలూ రాలేదు. గోత్రం ఎవరూ అడగలేదు. ఈరమ్మ అరుగు పట్టుకుని లేచి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ముఖం పైకెత్తి చూసింది. పొద్దుపోతోంది. ఆ దళసరి అద్దాల్లో ఒక్కో దాంట్లో ఒక్కో దీపం నిటారుగా వెలుగుతోంది.

అనసూయ చూసింది. డప్పు అందుకుంది, గుడివైపు నడిచింది.